నౌకరీ వెతుకులాటలో కంప్యూటరు బోర్డు: మన పిల్లలకూ పెద్దలకూ నాలుగు మాటలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని ‘విద్య – ఉపాధి’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. విద్య గురించి ఏటేటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈ ఏడు ఆ రెండో మాట గురించే మనవి చేయదలిచాం. చదువు ముగించిన పిల్లవాడు ఇంట్లో కూర్చుని రోజంతా ఫోను చూస్తూ ఉంటాడు. తండ్రి ‘వీడు ఆటలాడుతున్నాడు’ అంటాడు. కొడుకు ‘ఉద్యోగం వెతుకుతున్నాను’ అంటాడు. ఇద్దరి మాటా సగం నిజమే. పిల్లవాడు వెతుకుతూనే ఉన్నాడు గాని ఎలా వెతకాలో వాడికెవరూ చెప్పలేదు. తండ్రి రోజుల్లో వెతకడం వేరు గనుక తండ్రీ చెప్పలేడు. ఈ ఇద్దరి మధ్యా ఒక చిన్న వంతెన కట్టాలని మా ప్రయత్నం.

మన ఊరు పని మీద పెరిగిన ఊరు. 1933లో రేవు తెరిచారు. 1941లో సింధియా కంపెనీవారు ఓడల కర్మాగారానికి పునాది వేశారు; 1948లో ‘జల ఉష’ నీళ్ళలోకి దిగింది. 1957లో కాల్‌టెక్స్ వారి నూనె శుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని ఊరూవాడా లేచింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఈ సభలో కూర్చున్న పెద్దల్లో చాలామంది ఈ గేట్లలో ఏదో ఒకదాని గుండా పనికి వెళ్ళి వచ్చినవారే.

ఆ రోజుల్లో ఉద్యోగం కబురు ఎలా వచ్చేది? కంచరపాలెంలోని ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి మెట్లెక్కి పేరు నమోదు చేయించుకునేవారు. కార్డు ఇచ్చేవారు. దాన్ని గడువు తప్పకుండా రెన్యువల్ చేయించుకుని, పోస్టులో కాల్ లెటర్ వచ్చేదాకా ఎదురుచూసేవారు. 1959 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ రంగ సంస్థలూ, 25 మందికి తక్కువ కాకుండా పనివారున్న ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయవలసి ఉండేది. అయితే 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ ఉద్యోగాల కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది: ఎక్స్ఛేంజి పంపిన జాబితా ఒక్కటే చాలదు, పత్రికల్లో కూడా ప్రకటించాలి, వచ్చిన దరఖాస్తులన్నీ చూడాలి అని. కబురు నలుగురికీ తెలియాలన్నది అందులోని సారం.

ఆ మరుసటి ఏడే, 1997లో, ‘నౌకరీ డాట్ కామ్’ మొదలైంది. మన ఇళ్ళలో రోజూ వాడే మాటే దాని పేరు. తరువాత లింక్‌డిన్, ఇండీడ్ వచ్చాయి. 2015 జులైలో కేంద్ర ప్రభుత్వం ‘నేషనల్ కెరీర్ సర్వీస్’ అనే పోర్టల్ ప్రారంభించింది. పాత ఎక్స్ఛేంజి చేసే పని ఇప్పుడు చాలావరకు అందులో జరుగుతుంది, రుసుము లేదు. అంటే కంచరపాలెం కార్డు పోయి ఫోనులో పాస్‌వర్డు వచ్చిందన్నమాట.

పెద్దలు ఇక్కడ ఒక తేడా గమనించాలి. అప్పుడు పేరు నమోదు చేసుకుంటే వరుస ప్రకారం మన వంతు వచ్చేది. ఇప్పుడు వరుస లేదు. ఒక ఖాళీ బోర్డు మీద పడిన పూటకే వందలకొద్దీ దరఖాస్తులు చేరుతాయి. కాబట్టి ‘నమోదు చేశాను, ఇక పిలుస్తారు’ అని కూర్చునేవాడు కూర్చునే ఉంటాడు. పైగా పెద్ద ఫ్యాక్టరీల్లో పర్మినెంటు ఉద్యోగం అన్నది తండ్రి తరువాత కొడుక్కి దొరికే వస్తువుగా మిగలలేదు. 2021 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీలో ప్రభుత్వ వాటా మొత్తం వదులుకోవడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదించడం, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించడం మనందరికీ తెలిసినవే. ఇవాళ మన పిల్లలకు పని దొరికే చోట్లు పరవాడ మందుల కంపెనీలు, అచ్యుతాపురం ఫ్యాక్టరీలు, పెదగంట్యాడ దగ్గరి వైద్య పరికరాల జోను, రుషికొండ ఐ.టి. ఆఫీసులు. ఈ చోట్ల ఖాళీల కబురు ఎక్కువగా బోర్డుల మీదే కనిపిస్తుంది.

ఇక ఈ బోర్డు ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన పిల్లలు దీన్ని ఒక వైపునుంచే చూస్తారు. ఉద్యోగాల జాబితా కనిపిస్తుంది, వేలితో నొక్కుతారు, దరఖాస్తు వెళ్ళిపోతుంది. దానికి రెండో వైపు కూడా ఉంది. అక్కడ కంపెనీ మనిషి కూర్చుని తనకు కావలసిన మాటలు టైపు చేసి వెతుకుతాడు. ‘వెల్డర్’, ‘టిగ్’, ‘విశాఖపట్నం’, ‘3 ఏళ్ళ అనుభవం’ అని కొడతాడు. ఎవరి ప్రొఫైల్లో ఆ మాటలు ఉన్నాయో వారి పేర్లు వస్తాయి. మనవాడు నిజంగానే మంచి వెల్డరు, కాని బయోడేటాలో ‘కష్టపడి పనిచేయు స్వభావము, నిజాయితీ’ అని మాత్రం రాసుకున్నాడు. వాడి పేరు ఎలా వస్తుంది? పని పేరు, యంత్రం పేరు, లైసెన్సు పేరు, సర్టిఫికెట్టు పేరు స్పష్టంగా రాయాలి. క్రేన్ ఆపరేటరైతే ఏ క్రేను, ఎన్ని టన్నులు. ల్యాబులో చేసినవాడైతే హెచ్.పి.ఎల్.సి. మీద పనిచేశాడా లేదా. అకౌంట్లయితే ట్యాలీ, జి.ఎస్.టి. రిటర్నులు తెలుసా – ఇవి రాయాలి. తెలియనివి రాయకూడదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

రెండో సంగతి: చాలా బోర్డుల్లో ఈ మధ్య ప్రొఫైలు తెరిచి చూసుకున్నవారు ముందు కనిపిస్తారు. ఏడాది కిందట పెట్టి మరచిపోయిన ప్రొఫైలు అడుగున పడి ఉంటుంది. వారానికి ఒకటి రెండుసార్లయినా తెరిచి, కొత్తగా నేర్చుకున్నది చేర్చి, ఫోను నంబరు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. నంబరు మార్చి బోర్డులో మార్చనివారు ఎంతమందో! కంపెనీ పిలుస్తూనే ఉంటుంది, ఆ ఫోను ఎవరి దగ్గరో మోగుతూ ఉంటుంది.

మూడోది మన ప్రాంతానికే చెందిన సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం రెండూ అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. కాబట్టి స్థలం దగ్గర ‘విశాఖపట్నం’ అని ఒక్కటే కొట్టి ఊరుకుంటే ఇంటికి గంట దూరంలో ఉన్న ఉద్యోగం కనబడకుండా పోవచ్చు. విశాఖపట్నం, వైజాగ్, అనకాపల్లి, పరవాడ, అచ్యుతాపురం – అన్నీ విడివిడిగా కొట్టి చూడాలి. తారీఖు దగ్గర గత మూడు రోజులు లేదా వారం అని ఎంచుకోవాలి. నెల దాటిన ప్రకటనకు దరఖాస్తు పెడితే, చాలాసార్లు నిండిపోయిన బస్సుకు చెయ్యెత్తినట్టే.

నాలుగోది మన పేర్ల సంగతి. ఉపాధ్యాయులుగా ఇది రోజూ మా కళ్ళ ముందు జరుగుతున్నది గనుక కొంచెం గట్టిగా చెబుతాం. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి.; షేక్, షేఖ్, ఎస్.కె. – ఇవన్నీ మనకు ఒకటే, కంప్యూటరుకు వేరువేరు మనుషులు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి, పాన్ కార్డులో మూడోది. షేక్ అన్నది ఒకచోట ఇంటిపేరై ముందు వస్తుంది, మరోచోట చివర వస్తుంది. ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్ల తనిఖీలో అక్కడ ఆగిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్టును మూలంగా పెట్టుకుని మిగతావాటిని దానికి సరిపెట్టుకోవడం మంచిది. ఇంకా బడిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు పరీక్ష ఫీజు కట్టేటప్పుడే నామినల్ రోల్సులో పేరు అక్షరం అక్షరం చూసుకోవాలి. అప్పుడు పది నిమిషాల్లో అయ్యే పని తరువాత పది నెలలు తిప్పుతుంది.

‘మేం ఉర్దూ మీడియం, మమ్మల్ని ఎవరు తీసుకుంటారు’ అనే మాట మా పిల్లల నోట వింటూ ఉంటాం. మీడియం గురించి సిగ్గుపడనక్కరలేదు. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడగలిగి, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగిన పిల్లవాడు ఫోనులో ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగాలకూ, హోటళ్ళకూ, అమ్మకాలకూ పనికివచ్చే మనిషి. బయోడేటాలో ‘భాషలు’ అనే వరుసలో నాలుగూ రాయండి. ఇంగ్లీషు మాత్రం రోజూ ఒక అరగంట పెంచుకోవాలి. బోర్డులన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

ఏ పనికి ఏ బోర్డు? అన్నిటికీ ఒకటే మందు కాదు. ఐ.టి.ఐ. చేసినవారు ముందుగా చూడవలసింది కేంద్రప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పెద్ద సంస్థలు అక్కడ అవకాశాలు పెడతాయి. నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు ప్రవేశాలకు కూడా అందులో నమోదు కావాలి. డిప్లొమా, డిగ్రీవారికి నాట్స్ అనే పోర్టల్ వేరే ఉంది. అప్రెంటిస్ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని కాదు. చేతికి పని, సర్టిఫికెట్టు, అనుభవం అనే మాట – మూడూ వస్తాయి. ప్రైవేటు ఆఫీసు, ఐ.టి., మందుల కంపెనీలకు నౌకరీ, ఇండీడ్, లింక్‌డిన్ వంటివి. ప్రభుత్వ ఉద్యోగాలకు ఏ బోర్డునూ నమ్మవద్దు. సర్వీసు కమిషను, రైల్వే, స్టాఫ్ సెలెక్షన్ – వారి సొంత వెబ్‌సైట్లోనే దరఖాస్తు. బి.సి.–ఇ సర్టిఫికెట్టు, ఆదాయ సర్టిఫికెట్టు ముందే తీసి ఉంచుకోండి. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఏ ఉద్యోగానికి ఏది చెల్లుతుందో నోటిఫికేషన్ చదివి తెలుసుకోవాలి.

ఓడ మీద పనికి వెళ్ళదలచినవారికి మరో మాట. రేవు పట్టణం గనుక ఈ ఆశ మన పిల్లల్లో ఎక్కువ. నావికులను పంపే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి, దాన్ని ఆర్.పి.ఎస్.ఎల్. అంటారు. ఆ నంబరు వారి వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. ఓడలో చోటు ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ నియమం. లక్షలు అడిగితే అక్కడే లేచి రండి.

గల్ఫుకు వెళ్ళేవారికి ‘ఈ–మైగ్రేట్’ అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది. లైసెన్సున్న ఏజెంట్ల జాబితా అందులో దొరుకుతుంది. ఏజెంటు తీసుకోదగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.; రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు మీద కొన్ని దేశాలకు ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఆ అనుమతి తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపిస్తానన్నవాడు మీ హక్కులన్నీ విమానాశ్రయంలోనే వదిలేసి రమ్మంటున్నాడని అర్థం.

ఈ మాటలు భయపెట్టడానికి చెప్పడం లేదు. 2024 మే నెలలో మన విశాఖ నగర పోలీసులే బయటపెట్టిన సంగతి గుర్తు చేసుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం అని నమ్మించి, తలా లక్షన్నర దాకా తీసుకుని, మన ప్రాంతపు కుర్రాళ్ళను కంబోడియాకు పంపారు. అక్కడ వారిని నిర్బంధించి, ఫోన్లలో మన దేశపు వారినే మోసగించే పని చేయించారు. ఆ నెల 20న అక్కడి భారతీయులు వందలమంది తిరగబడ్డారు; తరువాత భారత రాయబార కార్యాలయం సాయంతో జట్లు జట్లుగా ఇళ్ళు చేరారు. చూడండి, వారు సోమరులు కారు, చదువురానివారు కారు. ఉద్యోగం కోసం తల్లి నగలు అమ్మేందుకైనా సిద్ధపడిన ఇళ్ళ పిల్లలు. మోసగాడికి కావలసింది సరిగ్గా ఆ తొందరే. ఆ ఏజెంటు పేరు ప్రభుత్వ జాబితాలో ఉందా, వీసా పనికి ఇచ్చిందా తిరగడానికి ఇచ్చిందా, కంపెనీ పేరూ చిరునామా ఏమిటి – ఈ మూడు ప్రశ్నలు డబ్బు కట్టకముందు ఇంట్లో ఎవరు అడిగినా చాలామంది విమానం ఎక్కి ఉండేవారు కారు.

ఇంటి దగ్గరి మోసాలు కూడా అదే తరహా. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, యూనిఫారం ఖర్చు – పేరు ఏదైనా, ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గాని డబ్బు అడగడు. వీడియోకు లైకు కొడితే డబ్బు అంటారు. మొదట వంద రూపాయలు నిజంగానే వేస్తారు, ఆ తరువాత వేలు కట్టించుకుంటారు. పెద్ద సంస్థ ముద్రతో అపాయింట్‌మెంట్ ఆర్డరు వస్తే ఆ సంస్థ అసలు వెబ్‌సైట్లో ఆ ప్రకటన ఉందేమో చూడాలి. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ వదిలి రాకూడదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆపే వీలు అంత ఉంటుంది. పరువు పోతుందని దాచుకుంటే రేపు పక్కింటి పిల్లవాడు అదే గోతిలో పడతాడు.

సరే, రోజూ ఏం చేయాలి? మేము పిల్లలకు చెప్పే పద్ధతి చాలా సాదాది. ఒక నోటుబుక్కు కొనుక్కోండి. గీతలు గీసి తారీఖు, కంపెనీ, ఉద్యోగం, ఎక్కడ చూశాం, ఏ బయోడేటా పంపాం, ఎవరు ఫోను చేశారు, ఏమైంది అని రాయండి. ఉదయం ఒక గంట బోర్డులు చూడటం. రోజుకు వంద కాకుండా, మనకు తగిన నాలుగైదింటికే, ప్రకటన పూర్తిగా చదివి, బయోడేటాలో దానికి తగ్గ మాటలు పైకి తెచ్చి పంపడం. ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్లో కూడా ఆ ఖాళీ ఉంటే అక్కడే పెట్టడం మేలు. మధ్యాహ్నం ఒక గంట నేర్చుకోవడం. పదిహేను రోజులకోసారి ఆ పుస్తకం తిరగేయండి. ముప్పై దరఖాస్తులకు ఒక్క ఫోనూ రాలేదంటే బయోడేటాలో లోపం. ఫోన్లు వచ్చి ఇంటర్వ్యూ దగ్గర ఆగుతున్నాయంటే మాట్లాడటంలో లోపం. రెండు జబ్బులకూ మందు వేరు. పుస్తకం లేకపోతే ఏది ఏదో తెలియదు.

బోర్డు ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. తెలిసినవారు చెప్పే మాటకు ఇవాళా విలువ ఉంది. బోర్డులో ఖాళీ చూశాక ఆ కంపెనీలో మనవాళ్ళెవరైనా ఉన్నారా అని కనుక్కోవడం తప్పు కాదు. ‘ఉద్యోగం ఇప్పించండి’ అనకుండా ‘అక్కడ ఈ పనికి ఏమేం తెలిసి ఉండాలి’ అని అడిగితే చాచా అయినా, భాయ్ అయినా సంతోషంగా చెబుతారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక విన్నపం. పదిలోనూ, ఇంటర్లోనూ మా తరగతుల్లో ముందుండేది వాళ్ళే. తరువాత వాళ్ళ ఫోను నంబరు బదులు అన్నగారి నంబరు ఇస్తారు. కంపెనీ పిలిస్తే అన్నగారు పనిలో ఉండి ఎత్తరు. పిల్ల పేర సొంత ఈమెయిలూ, సొంత నంబరూ ఉండనివ్వండి. షిఫ్టు ఏమిటి, కంపెనీ బస్సు ఉందా, హాస్టలు ఎక్కడ – ఇవి అడగవలసిన ప్రశ్నలే, అడగండి. జవాబు సరిగా ఉంటే పంపండి. అడగకుండానే వద్దనకండి.

చివరగా సంఘానికి మూడు సూచనలు. మొదటిది, ఆదివారం జొహర్ నమాజు తరువాత రెండు గంటలపాటు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళను కూర్చోబెడితే, బయోడేటాలు రాయించవచ్చు, పేర్ల స్పెల్లింగులు సరిచూడవచ్చు. రెండోది, పోర్టులో, డాక్‌యార్డులో, ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మన పెద్దల జాబితా పని వారీగా తయారుచేస్తే, ఇంటర్వ్యూకు వెళ్ళే పిల్లవాడికి ముందురోజు ఒక గంట కూర్చుని అభ్యాసం చేయించగలరు. ఆ అనుభవం ఏ బోర్డు మీదా దొరకదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఉద్యోగం పేరుతో ఎవరికైనా డబ్బు కట్టేముందు ఆ కాగితం సంఘం ఆఫీసుకు తెచ్చి ఒక్కసారి చూపించాలని ప్రతి ఇంట్లోనూ చెప్పాలి. ఇందులో ఒక్క కుటుంబం అప్పుల్లో పడకుండా ఆగినా ఈ ఏడు మనం చందాలిచ్చిన దానికి ఫలితం దక్కినట్టే.

పిల్లలారా, ఉద్యోగం ఆలస్యమైనంత మాత్రాన మీ విలువ తగ్గదు. పెద్దలారా, ‘ఇంకా ఖాళీగానే ఉన్నావా’ అని నలుగురిలో అడగకండి. ‘ఈ వారం పుస్తకంలో ఏం రాశావు’ అని ఇంట్లో అడగండి. ఆ ఒక్క ప్రశ్న వాడికి బలం.